రాజీ డిక్రీ: అమలు కోర్టు అధికారపు హద్దులు

“రాజీ పడితిమి గదా, ఇక కోర్టుతో పనియేమి?” అని అప్పు పడినవారు తలచుట సహజము. కాని రాజీపత్రము డిక్రీగా మారిన పిమ్మట దానికి, పూర్తి విచారణ జరిపి యిచ్చిన డిక్రీకి ఉన్నంత బలము కలదు. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 96వ సెక్షను ప్రకారము ఉభయుల సమ్మతిపై ఇచ్చిన డిక్రీకి అప్పీలు లేదు. మోసగించి సంతకము చేయించిరని చెప్పువారు రాజీని నమోదు చేసిన కోర్టునే ఆశ్రయింపవలెను. అందులకై వేరు దావా చెల్లదు.

డిక్రీని అమలు జరుపు కోర్టు డిక్రీ వెనుకకు పోరాదు. 1970లో సుప్రీముకోర్టు వాసుదేవ్ ధంజీభాయి మోదీ వ్యాజ్యములో ఈ సూత్రమును స్పష్టపరచినది. అసలు బాకీ అయిదువేలా, నాలుగువేలా అని అమలు కోర్టు తిరిగి లెక్క చూడజాలదు. డిక్రీ యిచ్చిన కోర్టుకు ఆ వ్యవహారముపై అధికారమే లేదని రికార్డువలననే తేటపడినప్పుడు మాత్రము సంగతి వేరు. “ఏటేట సంక్రాంతికి రెండువేలు; ఒక్క వాయిదా తప్పినను మొత్తము ఒకేసారి” అని వ్రాసికొన్నవాడు పంట పోయినదని గడువు కోరినను, అవతలివాడు ఒప్పుకొననిదే సాధారణముగా గడువు దొరకదు. ఈ కట్టుబాటు అప్పిచ్చినవానికిని వర్తించును. రాజీలో వడ్డీ మాట లేనిచో అమలులో వడ్డీ అడుగరాదు.

పలువురు చిక్కుపడునది చెల్లింపు దగ్గర. ఊరివాడే గదా యని రైతు ధాన్యమమ్మిన సొమ్ము తెచ్చి చేతిలో పెట్టును. రసీదు అడుగుటకు మొగమాటము. మూడేండ్లకు అమలు దరఖాస్తు నోటీసు వచ్చును. “ఇచ్చితిని మహాప్రభో” యన్నను, కోర్టులో నమోదు కాని చెల్లింపును అమలు కోర్టు గుర్తింపరాదని 21వ ఆర్డరు 2వ రూలు శాసించుచున్నది. ఇది కఠినమే. సొమ్ము ముట్టినదని కోర్టుకు తెలుపు బాధ్యత డిక్రీదారునిది. అతడు ఊరకుండినచో బాకీదారు 30 దినములలో దరఖాస్తు పెట్టుకొనవలెను. అప్పుడును వ్రాతపూర్వకమైన సాక్ష్యము చూపవలెను, లేదా డిక్రీదారు ఒప్పుకొనవలెను. అందుచేత సొమ్మును కోర్టులోనే కట్టుట, లేదా బ్యాంకు ద్వారా పంపుట మేలు.

జప్తునకును హద్దులున్నవి. కట్టుబట్టలు, వంటపాత్రలు, పనివాని పనిముట్లు, జీవనమునకు వలసిన దుక్కిటెద్దులు, విత్తనములు, రైతు కాపురముండు ఇల్లు, ఆచారము ననుసరించి స్త్రీ విడువరాని ఆభరణములు 60వ సెక్షను క్రింద జప్తు కావు. మన యిండ్లలో మంగళసూత్రము అట్టిదే. ఈ రక్షణను వదలుకొందునని రాజీలో వ్రాసియిచ్చినను ఆ షరతు చెల్లదు. సొమ్ము డిక్రీకై స్త్రీని అరెస్టు చేయరాదు. పురుషుని విషయమున కూడ, కేవలము చెల్లింపలేకపోయినంత మాత్రమున చెరసాల తగదని 1980లో జాలీ జార్జి వర్గీసు వ్యాజ్యములో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. శక్తి యుండియు దురుద్దేశముతో ఎగవేసినట్లు రుజువు కావలెను.

అమలు దరఖాస్తునకు గడువు 12 సంవత్సరములు. వాయిదాల డిక్రీలో ఈ లెక్క వాయిదా తప్పిన నాటినుండి మొదలగును. రసీదులను అంతకాలము పెట్టెలో భద్రపరచవలసియుండును.