జిత్తెడు పుల్లలు, ఎడారి నెగళ్లు

నవంబరులో గాలి కాస్త చల్లబడిందో లేదో, శుక్రవారం సాయంత్రానికి దుబాయి నుంచి అల్ ఖుద్రా వైపు కార్లు బారులు తీరతాయి. వాటిలో మనవాళ్లవీ తక్కువేం కాదు. డిక్కీలో మసాలా పట్టించిన చికెన్ డబ్బా, పులిహోర, చాపలు, పెట్రోలు బంకు దగ్గర కొన్న కట్టెల సంచి. వాటి పక్కన కొత్త అతిథి ఒకటి: ఆన్‌లైన్లో తెప్పించిన బుల్లి స్టీలు ఫైర్ పిట్. పెట్టె మీద పేరు ఇంగ్లీషులో ఉంటుంది గానీ మా నాయనమ్మ చూస్తే ఒక్క మాటలో తేల్చేసేది, కుంపటి అని.

కుంపటి చిన్నది. బంకులో కొన్న కట్టె మోచేతంత. గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. మొదటి ఏడు నేనూ ఆ మొద్దుల్నే అందులో నిలబెట్టి, అరగంట ఊది, పిల్లల కళ్లలో నీళ్లు తెప్పించి, చివరికి చికెన్‌ని ఇంటికి తెచ్చి గ్యాసు పొయ్యి మీద వండినవాణ్ణే. ఆ రాత్రి చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక సలహా ఇచ్చారు. వాటిలో సగానికి పైగా అపోహలేనని తర్వాత తెలిసింది.

“కట్టె మంచిదైతే చాలు, సైజుదేముంది?”

బుల్లి కుంపటికి సైజే ముఖ్యం. ఏ చెట్టు కట్టె అన్నది ఆ తర్వాతి సంగతి. బాగా ఎండిన కట్టె ఏదైనా కిలోకి ఇచ్చే వేడి దాదాపు ఒకటే, 18 నుంచి 20 మెగాజౌళ్లు. ఇక్కడి తుమ్మ జాతి చెట్టు సమర్ కట్టె చిక్కన కాబట్టి పిడికెడు ముక్కలోనే ఎక్కువ బరువుంటుంది, నిప్పు ఎక్కువసేపు నిలుస్తుంది. తేడా అంతవరకే.

అసలు కథ కట్టె కాలే తీరులో ఉంది. కట్టె నేరుగా మండదు. వేడికి అది ముందు వాయువుల్ని వదులుతుంది, మనకు కనబడే మంట ఆ వాయువులదే. కట్టె బరువులో సుమారు ఐదింట నాలుగు వంతులు ఇలా వాయువులుగా పోయేదే, మిగిలింది బొగ్గు. ఈ వాయువులు తగినంత వేడిలో తగినంత గాలితో కలిస్తే మంట, కలవకపోతే పొగ. పెద్ద నెగడులో మొద్దు వేసినా చుట్టూ ఉన్న నిప్పు దాన్ని లొంగదీస్తుంది. గిన్నెడు కుంపటికి ఆ దండుబలం లేదు.

లెక్క వేసి చూడండి. ఎనిమిది సెంటీమీటర్ల మందం, పదహారు సెంటీమీటర్ల పొడవు ఉన్న చదరపు దుంగను నిలువునా రెండేసి సెంటీమీటర్ల మందాన చీలిస్తే పదహారు పుల్లలు వస్తాయి. కట్టె అంతే, బరువు అంతే. కానీ నిప్పుకు తగిలే పక్కల వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. పుల్ల సన్నం కాబట్టి వేడి దాని నడిమి దాకా త్వరగా చేరుతుంది. మంట అందుకోవడమూ సులువే, ఆరిపోవడమూ సులువే. ఆ రెండోదాన్ని లోపం అనుకుంటారు చాలామంది. టీ కాచుకోవడానికి గుప్పెడు, రొట్టె కాల్చుకోవడానికి మరో గుప్పెడు, వద్దనుకుంటే వేయడం మానేయడం. మంట మీద అదుపు అంటే అదే కదా!

ఎంత పొడవన్న ప్రశ్నకు మన దగ్గర పాత కొలత ఉంది: జిత్తెడు, అంటే చాచిన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దూరం. సుమారు పదిహేను సెంటీమీటర్లు. కట్టెలతో నడిచే చిన్న పిజ్జా ఓవెన్లకు అమ్మే పుల్లలు అటూ ఇటూగా ఈ పొడవే ఉంటాయి. హోమంలో వేసే సమిధలకు శాస్త్రం చెప్పిన ‘ప్రాదేశం’ కూడా ఇదే కొలత. హోమగుండమూ చిన్న కుంపటే మరి.

“ఎడారిలో కట్టెకు తడెక్కడిది?”

పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీళ్లే ఉండొచ్చు. మంటకు పనికొచ్చే కట్టెలో ఆ తడి ఇరవై శాతం లోపుండాలి. ఎడారి గాలి పైపొరను త్వరగానే ఆరబెడుతుంది, నిజమే. మందమైన మొద్దు లోపల మాత్రం నెలల తరబడి తడి దాగి ఉంటుంది. పైన చేయి పెడితే ఎండుగానే ఉంటుంది, పొయ్యిలో పెడితే కొసల నుంచి బుసబుసమని నురగ కక్కుతుంది.

ఇంకో మాట. దుబాయి, అబుదాబి, షార్జా ఎడారి నగరాలే అయినా సముద్రపు ఒడ్డు ఊళ్లు. ఆగస్టు రాత్రి బాల్కనీలోకి వస్తే కళ్లద్దాలు మసకబారే ఉక్కపోత. కట్టె చుట్టూ ఉన్న గాలిని బట్టి తడిని పీల్చుకుంటుంది, వదులుతుంది. గాలిలో తేమ ముప్ఫై శాతం ఉంటే కట్టెలో తడి ఆరు శాతం దగ్గర ఆగుతుంది, తేమ తొంభైకి చేరితే ఇరవైకి ఎగబాకుతుంది. సన్న పుల్లలు ఈ మార్పును ఇంకా తొందరగా అందుకుంటాయి. చలికాలంలోనూ తెల్లవారుజామున ఎడారి మీద మంచు దిగుతుంది, రాత్రంతా గుడారం బయట వదిలేసిన సంచి పొద్దుటికి చెమ్మగిల్లుతుంది. సంచిని ఏసీ గదిలో ఒక మూలనో, మూత ఉన్న డబ్బాలోనో పెట్టుకుంటే ఈ బాధ లేదు.

పొట్టిగా కోయడంలో మరో లాభం ఉంది. కట్టెలో నీరు నార వెంబడి, అంటే కొసల గుండా, అడ్డంగా కంటే పది పదిహేను రెట్లు వేగంగా బయటికొస్తుంది. కాబట్టి బారెడు కట్టెను అలాగే ఎండలో పడేసి ఆరు నెలలు చూడటం కంటే ముందు జిత్తెడు ముక్కలుగా కోసి, ఆపైన చీల్చి పెట్టుకుంటే వారాల్లో దారికొస్తుంది. ఆరిందో లేదో చూడటానికి రెండు పుల్లలు ఒకదానికొకటి తగిలించి వినండి. ‘టంగు’మంటే సరే, ‘దబ్బు’మంటే ఇంకా ఆరనివ్వాలి.

“ఇది పొగ రాని కుంపటి, ఏం వేసినా ఫర్వాలేదు”

ఈ రెండు గోడల స్టీలు కుంపట్లలో గాలి అడుగు నుంచి దూరి, గోడల మధ్య వేడెక్కి, పై అంచు కింద ఉన్న కన్నాల్లోంచి లోపలికి వస్తుంది. కింద మండకుండా మిగిలిన వాయువులు అక్కడ ఆ వేడి గాలి తగిలి మళ్లీ అంటుకుంటాయి. అందుకే పొగ తక్కువ. పుల్లలు ఆ కన్నాల కంటే ఎత్తుగా లేస్తే పైభాగం వదిలిన పొగకు ఆ వేడి గాలి తగిలే వీలే లేదు. నేను మొదటి ఏడు చేసిన పొరపాటు సరిగ్గా ఇదే.

“ఎడారిలో పడున్న కట్టె ఎవరిది? ఏరుకుంటే తప్పేంటి?”

ఈ మాటన్నది జగిత్యాల నుంచి వచ్చిన తమ్ముడొకడు. “అన్నా, గీ ఇసుకల చెట్టు ఎవనిది, కొమ్మ ఎవనిది?” అని నవ్వాడు. అతని తండ్రి ఎప్పుడో ఇక్కడి మజ్రాలో, అంటే తోటలో, పనిచేసి వెళ్లాడట. ఎదురుగా ఉన్న చెట్టు చూపించి అడిగాను, దీన్ని ఎక్కడైనా చూశావా అని. కాసేపు తేరిపార చూసి, “అరె, జమ్మి గదా!” అన్నాడు.

అవును, జమ్మే. అరబ్బులు ఘాఫ్ అంటారు. 2008లో యూఏఈ దీన్ని జాతీయ వృక్షంగా ప్రకటించింది. 2019ని సహన సంవత్సరంగా జరుపుకున్నప్పుడు గుర్తుగా పెట్టుకున్నదీ ఈ చెట్టునే. 2014లో తెలంగాణ తన రాష్ట్ర వృక్షంగా ఎంచుకున్నదీ ఇదే. దసరా నాడు ఆకు కోసి బంగారం అని పెద్దల చేతుల్లో పెట్టి కాళ్లకు మొక్కే చెట్టు, నవగ్రహ హోమంలో శనికి సమిధగా వేసే చెట్టు. వాన చుక్క రాలని చోట కూడా వేళ్లను ఎన్నో మీటర్ల లోతుకు దించి నీళ్లు వెతుక్కుంటుంది. దాని నీడలో ఒంటెలు నిలుస్తాయి, ఆకు మేస్తాయి. ఇక్కడ ఘాఫ్‌ని నరకడం చట్టరీత్యా నేరం. రక్షిత ప్రాంతాల్లో అయితే ఎండుపుల్ల ఏరడం కూడా కూడదు. రాలిన కొమ్మ కిందే బల్లులూ పురుగులూ తలదాచుకునేది, గింజ పడితే మొక్క నిలదొక్కుకునేదీ ఆ నీడలోనే.

“మరి దాన్ని పోలిన చెట్టు రోడ్డు పక్కంతా ఉంది కదా?” అంటారు. అది వేరు. మన దగ్గర సర్కారు తుమ్మ అని పిలిచే మొక్క ఇక్కడికీ వచ్చి చేరింది, మనల్ని ఏడిపించినట్టే వీళ్లనీ ఏడిపిస్తోంది. జమ్మి ముళ్లు పొట్టిగా కొమ్మ కణుపుల మధ్య చెదురుగా ఉంటాయి. సర్కారు తుమ్మవి పొడుగ్గా, కణుపుల దగ్గరే ఉంటాయి. జమ్మి కాయ సన్నం, దానిది దళసరి. పోల్చుకోవడం వచ్చినంత మాత్రాన కత్తి పట్టుకుని వెళ్లమని కాదు. సంచి కొనుక్కోవడమే మేలు.

కొనేటప్పుడు కూడా ఎక్కడిదో అడగండి. ముఖ్యంగా బొగ్గు. సొమాలియా తుమ్మ అడవుల్ని కాల్చి చేసిన బొగ్గు ఏళ్ల తరబడి గల్ఫు రేవులకు వచ్చేది, ఆ రాబడిలో వాటా సాయుధ ముఠాలకు పోయేది. 2012 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆ బొగ్గు ఎగుమతి దిగుమతులను నిషేధించింది. పాత పద్ధతి ఆవంలో కిలో బొగ్గు దిగాలంటే అయిదారు కిలోల కట్టె పోవాలి. చిన్న కుంపటికి నేరుగా పుల్లలే వాడితే ఆ నష్టమూ తప్పుతుంది.

“భోగి కదా, పాత సామానంతా వేసేద్దాం”

సంక్రాంతి ఇక్కడ క్యాంపింగు కాలం నడుమ పడుతుంది, కాబట్టి భోగి మంట సరదా మనవాళ్లకు ఎడారిలో బాగానే తీరుతుంది. తాతల కాలంలో భోగిలో పడింది విరిగిన టేకు కుర్చీ, ఎండిన తాటాకు, పిడక. మన ఫ్లాటులో పాత సామానంటే పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక, పైన ప్లాస్టిక్ పూత. ఆ జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. రంగు వేసిన కట్టె, చెద పట్టకుండా మందు పట్టించిన కట్టె అంతకంటే నయం కాదు. కొన్నింటిలో ఆర్సెనిక్ ఉండి, అది చాలావరకు బూడిదలో మిగిలిపోతుంది.

సరుకుల కింద వేసే చెక్క ప్యాలెట్ల మాటా చెప్పాలి. గోదాముల వెనక ఊరికే దొరుకుతాయని కోసి పుల్లలు చేస్తారు. వాటి మీద ముద్ర చూడండి. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించినది, తాకకండి. హెచ్‌టీ అంటే వేడి చేసినది. అలాగని బాగా ఆరబెట్టిన కట్టె అనుకోవద్దు. పురుగు చావడానికి కట్టె నడిమి భాగాన్ని 56 డిగ్రీల దగ్గర ముప్ఫై నిమిషాలు ఉంచుతారు, అంతే. దాని మీద ఏ రసాయనం ఒలికిందో ముద్ర చెప్పదు.

“ఎడమ చేత్తో పట్టుకుని కుడి చేత్తో ఒక్క వేటు”

ఆసుపత్రికి దగ్గరి దారి. న్యూజిలాండులో ఐలా హచిన్సన్ అనే బడిపిల్ల, వాళ్లమ్మ పుల్లలు కొడుతూ వేలు గాయపరచుకోవడం చూసి, కత్తిని కింద నిలబెట్టి కట్టెను దాని మీద ఉంచి సుత్తితో కొట్టే సాధనం తయారు చేసింది. ఇప్పుడది ప్రపంచమంతా అమ్ముడవుతోంది. కత్తి కదలదు, కోసేదే దాని దగ్గరికి వస్తుంది. మన కత్తిపీట సూత్రమే! ముందు రంపంతో పొట్టిగా కోయండి, తర్వాత చీల్చండి. పొట్టి దుంగలో చీలిక కొంచెం దూరమే పరిగెత్తాలి కాబట్టి తేలిక దెబ్బకే విడిపోతుంది. ముడి ఉన్న ముక్కతో కుస్తీ పట్టకండి, పక్కన పడేయండి.

“పొగ లేదు కాబట్టి గుడారంలో పెట్టుకోవచ్చు”

ఇది ప్రాణం మీదికి తెచ్చే అపోహ. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండించదు. ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది. మంట ఆరి ఎర్రగా మిగిలిన నిప్పులే దాన్ని ఎక్కువ వదులుతాయి. చలికి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపు మూసి పడుకున్నవాళ్లు తెల్లారి లేవని ఘటనలు ఈ దేశంలో జరిగాయి. గుడారం, కారవాన్, మూసిన బాల్కనీ, పనివాళ్ల గది ఏదైనా ఒకటే. కుంపటి ఎంత చిన్నదైనా ఒకటే.

“ఇసుక కప్పేస్తే ఆరిపోయినట్టే”

మా గుంపులో అందరూ నమ్మిన మాట ఇది. ఇసుక గాలిని కొంత ఆపుతుంది, వేడిని మాత్రం దుప్పటిలా కప్పి దాస్తుంది. కింద నిప్పు గంటల తరబడి కణకణలాడుతూనే ఉంటుంది, పైన చూస్తే మామూలు నేల. పొద్దున్నే చెప్పుల్లేకుండా పరిగెత్తే పిల్లలకో, అటుగా వచ్చే ఒంటెకో అది తెలియదు. నేల మీద నేరుగా నెగడు వేయకుండా కాళ్లున్న కుంపటి వాడమనేది ఇందుకే. వాదీల్లో, అంటే ఎండిన వాగుల్లో అయితే రాళ్ల మధ్య అసలే వద్దు, లోపల తడి ఉన్న రాయి వేడికి పేలుతుంది.

పోయిన భోగికి బయల్దేరే ముందు బూడిదను కర్రతో కలిపి ఒక గిన్నె నీళ్లు పోశాం. బుస్సుమంది. జగిత్యాల తమ్ముడు చేయి దగ్గరగా పెట్టి చూసి, “ఇంకా ఉన్నది అన్నా,” అన్నాడు. రెండోది పోశాం. మళ్లీ కలిపి, మూడోది కూడా పోసి, ఆ బురదను డబ్బాలోకి ఎత్తి కారెక్కాం.