ఏరు ఇసుక పరిచాకే చెడుగుడు

వేలూరు దగ్గర మా నేత ఊరు గుడియాత్తంలో ఏ ఆట ఎప్పుడు మొదలెట్టాలో మనుషులెవరూ చెప్పేవాళ్లు కాదు. ఏరు చెప్పేది, గాలి చెప్పేది. కావలసిన సరంజామా మగ్గం ఇచ్చేది. నేనంటున్నది 1950ల నాటి సంగతి. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, ఆటలో గొడవొస్తే రెండూ.

పలమనేరు వైపు కొండల్లో పుట్టిన కౌండిన్య మా ఊరి నడుమగా పోయి పాలారులో కలుస్తుంది. కార్తీకం వానలకు నాలుగు రోజులు ఎర్రగా పారి, పోతూ పోతూ కొత్త ఇసుక పరిచేది. ఆ ఇసుక ఆరి కాస్త గట్టిపడగానే చెడుగుడు. కాలి బొటనవేలితో గీత గీస్తే బరి సిద్ధం. పడినా దెబ్బ తగలదు గనక ఎంత పిరికివాడైనా కాలు దొరకబుచ్చుకుని లాగేవాడు. గట్టినేల మీద ఆ తెగువ రాదని ఇప్పటికీ వాదిస్తాను. దేవుడు లేని గుడి, నీళ్లు లేని ఏరు అని వేలూరు వాళ్లు తమ ఊరిని తామే ఎగతాళి చేసుకునేవాళ్లు. గుడి మాట నిజమే, కోటలోని జలకంఠేశ్వరుడి ఆలయంలో 1981 దాకా మూలవిగ్రహం లేదు. ఏటి మీద మాత్రం పిల్లలకు ఫిర్యాదు లేదు. నీళ్లుంటే ఆడేదెక్కడ?

సంక్రాంతి వెళ్లాక పల్లెల్లో ఎద్దులు వదిలేవాళ్లు. మదురై వైపు మూపురం పట్టుకుని వేలాడతారే, అది కాదు. వీధికి అటూ ఇటూ జనం, మధ్యలో ఒక్కో ఎద్దూ దూసుకుపోవాలి. వేగానిదే గెలుపు. నేను అరుగు దిగబోతే మా నాయన, "ఆ పరుగేదో బడికి పోయేటప్పుడు చూపించరా" అనేవాడు.

ఎండలు ముదిరితే మోటబావి. మధ్యాహ్నం రైతు ఎద్దుల్ని విప్పగానే మేం దూకేవాళ్లం. మా చిన్నాయన నా వీపుకు ఎండు బెండ్లు కట్టి నీళ్లలోకి తోసి, కొద్ది రోజులకొకటి చొప్పున తీసేశాడు. ఆఖరిది ఎప్పుడు తీశాడో నాకు తెలియనేలేదు. మే నడుమ, అరవ నెల వైగాశి ఒకటో తేదీన మా ఊరి జాతరలో గంగమ్మ శిరస్సు ఊరేగుతుంది. ఆ గుంపులో కర్రసాము చూసొచ్చి, ఇంట్లో దొరికిన కట్టెలన్నీ విరగ్గొట్టేవాళ్లం.

ఆడిమాసం గాలికి గాలిపటాలు. నేత ఊరిలో దారానికి కరువేముంది? పడుగులో మిగిలిన నూలు పురి పెట్టి, నూలుకు పట్టించే గంజిలోనే కాస్త గాజుపొడి కలిపితే మాంజా. గంజి కుండ కాస్త తేలికైందని అమ్మ కనిపెట్టేది. ఆ వారం మా వేళ్లు చూస్తే దొంగెవరో తెలిసేది.

చదువుకు వేలూరు వెళ్లాక బాల్ బాడ్మింటన్ పట్టుకుంది. తంజావూరు రాజకుటుంబం ఆడిన ఆటని చెబుతారు. పసుపు ఉన్ని బంతి, జట్టుకు అయిదుగురు, అప్పట్లో 29 పాయింట్లు. ఆరుబయటే ఆడేవాళ్లం గనక వాన చినుకు పడితే ఉన్ని తడిసి ఆట ఆగిపోయేది. ఖర్చు తక్కువ, కాలేజీ కుర్రాడూ తాలూకాఫీసు గుమాస్తా ఒకే జట్టులో ఆడొచ్చు. ఇంత మంచి ఆటను షటిల్ ముందు చిన్నబుచ్చారని నా బాధ.

క్రికెట్ అంతకుముందే వచ్చి మా వరస చెడగొట్టింది. 1952 ఫిబ్రవరిలో చెపాక్‌లో ఇంగ్లండ్‌తో టెస్టు. మొదటి రోజే ఆరో జార్జి రాజు పోవడంతో మరునాడు ఆట లేదు. రేడియో ఉన్న ఇంటి అరుగు మీద పెద్దల వెనక నిలబడి అర్థం కాని ఇంగ్లీషు విన్నాం. వినూ మన్కడ్ మొదటి ఇన్నింగ్స్‌లో 8, మొత్తం 12 వికెట్లు తీశాడు. ఇన్నింగ్స్ 8 పరుగుల తేడాతో గెలిచాం, ఇండియాకు అదే తొలి టెస్టు గెలుపు. మన్కడ్ బంతి వేసేది ఎడమచేత్తో అని ఎవరో చెప్పారు. అంతే, ఏటి ఇసుకలో బంతి లేవదని తెలిసినా మా వీధి పిల్లలంతా ఎడమచేత్తోనే విసరసాగారు. ఆ ఏడు చెడుగుడు నెల ముందే ఆగిపోయింది.