మీట నొక్కగానే లేచే ప్రోగ్రాం

"అన్నా, రాత్రిదాక మంచిగనే నడిచింది. పొద్దున ఆన్ అయితలేదు." ఉమ్మడి పాలమూరు జిల్లా కొత్తకోటలోనైనా, 44వ నంబరు జాతీయ రహదారి మీది మరే ఊళ్లోనైనా లాప్‌టాప్ రిపేరు చేసేవాళ్లకు ఈ మాట అలవాటే. వాళ్ల ఎదురు ప్రశ్నా అలవాటుదే: "లైటన్న వస్తుందా? ఫ్యానన్న తిరుగుతుందా?" అలా ఎందుకు అడుగుతారో తెలియాలంటే, మీట నొక్కగానే అన్నిటికన్నా ముందు లేచే ప్రోగ్రాం బయోస్ కథ తెలియాలి.

మీట నొక్కే సమయానికి ర్యామ్ ఖాళీ. విండోస్ డిస్కులో ఉంటుంది. డిస్కును చదవడానికి ఒక ప్రోగ్రాం కావాలి. అదీ డిస్కులోనే ఉంటే తెచ్చేదెవరు? 1975 నాటి ఆల్టెయిర్ 8800 కొన్నవాళ్లు ముందు పలక మీది స్విచ్చులు పైకీ కిందికీ వేస్తూ మొదటి ఆదేశాలను చేత్తోనే ఎక్కించేవారు. కరెంటు పోతే మళ్లీ మొదటికే. ఆ దశాబ్దంలోనే గ్యారీ కిల్డాల్ తన సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టంలో, యంత్రాన్ని బట్టి మారే భాగాన్ని వేరుచేసి బయోస్ అన్నాడు. 1981 ఆగస్టు 12న ఐబీఎం తెచ్చిన పీసీలో 8 కిలోబైట్ల బయోస్, కరెంటు పోయినా చెరగని రోమ్ చిప్‌లో కూర్చుంది.

ఐబీఎం ఆ కోడును పుస్తకంలో అచ్చువేసింది, కానీ కాపీ చేస్తే కేసే. కాంపాక్ కంపెనీ ఉపాయం ఆలోచించింది. ఒక బృందం కోడు చదివి అది ఏ పని చేస్తుందో మాత్రమే రాసిపెట్టింది. ఆ కోడు ఎన్నడూ చూడని మరో బృందం అదే పని చేసే కొత్త బయోస్ రాసింది. ఆ తర్వాత ఫీనిక్స్ కంపెనీ, 1985లో భారతీయుడు సుబ్రమోనియన్ శంకర్ భాగస్వామిగా అమెరికాలో మొదలైన అమెరికన్ మెగాట్రెండ్స్ బయోస్‌నే సరుకుగా అమ్మాయి. పీసీ ఒక్క కంపెనీ సొత్తు కాకుండా పోయింది.

తర్వాత బయోస్ చెరిపి రాయగల ఫ్లాష్ చిప్‌లోకి మారింది. ఆ వెసులుబాటే ముప్పూ తెచ్చింది: 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ ఎన్నో కంప్యూటర్లలో బయోస్‌ను తుడిచేసింది. ఇప్పటి లాప్‌టాప్‌లలో ఉన్నది బయోస్ వారసుడు యూఈఎఫ్ఐ. ఇంటెల్ మొదలుపెట్టిన ఈ పద్ధతిని 2005 నుంచి పలు కంపెనీలు కలిసిన ఒక ఫోరం చూసుకుంటోంది.

పేరు మారినా పని వరుస అదే: ముందు కరెంటు, తర్వాత ర్యామ్, తెర, చివరికి డిస్కు. ఎక్కడ ఆగిందో గుర్తును బట్టి చెప్పొచ్చు.

లైటే లేకపోతే చార్జరు, సాకెట్ చూడాలి. చార్జరు తీసేసి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీసి, పవర్ మీట ముప్పై సెకన్లు నొక్కిపట్టి మళ్లీ చార్జరు పెడితే కొన్ని లేస్తాయి. లైటు వచ్చి బీప్‌లు వినిపించినా, క్యాప్స్ లాక్ దీపం లెక్కగా మినుకుమన్నా బయోస్ లోపం చెబుతోందన్నమాట. ఎన్నిసార్లు మోగితే ఏ లోపమో కంపెనీని బట్టి మారుతుంది. చాలాసార్లు అది ర్యామ్. షాపుల్లో వెనక మూత విప్పి, ర్యామ్ పట్టీ తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, రెండు పక్కలా టక్కుమనేదాకా నొక్కి పెడతారు. దుమ్ము, చెమ్మ పట్టిన అంచు శుభ్రమైతే అంతటితో సరి.

ఫ్యాన్ తిరుగుతున్నా తెర నల్లగా ఉంటే ఫోను టార్చిని ఏటవాలుగా కొట్టి చూడండి. మసకగా బొమ్మ కనిపిస్తే పాడైంది వెనక వెలుగు మాత్రమే. హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలిపినా తేలిపోతుంది. బూట్ అయ్యే డిస్కు లేదని తెరమీద ఇంగ్లిషులో వస్తే బయోస్ బాగానే ఉంది, దానికి డిస్కు దొరకలేదు. బయోస్ సెట్టింగుల్లో డిస్కు పేరు కనిపిస్తే విండోస్ చెడి ఉండొచ్చు, కనిపించకపోతే డిస్కో, దాని కనెక్షనో.

డిస్కు తప్ప మరేది చెడినా మీ ఫొటోలు, పాసుపుస్తకం స్కాన్‌లు, పిల్లల సర్టిఫికెట్లు సాధారణంగా భద్రమే. అందుకే "ఫార్మాట్ కొడితే అయిపోతది" అని ఎవరన్నా తొందరపడకండి. ముందు డిస్కు తీయించి, ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, డేటా కాపీ చేయించుకోండి. విండోస్ డిస్కుకు తాళం వేసి ఉంటే బిట్‌లాకర్ రికవరీ నంబరు అడుగుతుంది. లాప్‌టాప్ బాగున్న రోజే దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి.