ఆస్తి లెక్క తప్పితే ప్రసారానికే ముప్పు
మైకు నుంచి టవరు దాకా ప్రతి పరికరానికీ చిట్టా అవసరం
ప్రసార భారతి, విదేశీ సంస్థల అనుభవాలు చెబుతున్నదిదే

విజయవాడ: ఉదయాన్నే రేడియోలో భక్తిగీతం వినిపించాలన్నా, రాత్రి టీవీలో వార్తలు కనిపించాలన్నా తెర వెనుక వేలాది పరికరాలు ఏకకాలంలో పనిచేయాలి. స్టూడియోలోని మైకు, కెమెరా మొదలుకొని కొండపైనున్న ట్రాన్స్‌మిటర్‌ వరకు, జనరేటర్‌ మొదలుకొని కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌ వరకు ప్రతి వస్తువూ ప్రసార సంస్థకు ఆస్తే. వీటిలో ఏది ఎక్కడ ఉంది, ఎంతకాలం పనిచేస్తుంది, దానికి బాధ్యులెవరు అన్న ప్రశ్నలకు జవాబు లేకపోతే పెట్టుబడి వృథా కావడమే కాదు, ప్రసారం ఆగిపోయే ప్రమాదమూ ఉంది. దేశంలో అతిపెద్ద ప్రసార సంస్థ అయిన ప్రసార భారతి అనుభవంతో పాటు ఫ్రాన్స్‌, బ్రిటన్‌లలో జరిగిన ఘటనలు ఈ విషయాన్నే స్పష్టం చేస్తున్నాయి.

దేశమంతటా విస్తరించిన యంత్రాంగం

ఆకాశవాణి, దూరదర్శన్‌లను ఒకే గొడుగు కిందికి తెస్తూ 1997 నవంబరులో ప్రసార భారతి ఏర్పాటైంది. 2023 జనవరి 4న కేంద్ర మంత్రివర్గం ఈ సంస్థ ఆధునికీకరణకు ‘బైండ్‌’ పథకం కింద 2025-26 వరకు రూ.2,539.61 కోట్లు ఆమోదించింది. అప్పటికి దూరదర్శన్‌కు 36 ఛానళ్లు, ఆకాశవాణికి 500కు పైగా ప్రసార కేంద్రాలు ఉన్నాయి. ఎఫ్‌ఎం ప్రసారాలను దేశ జనాభాలో 68 శాతం నుంచి 80 శాతానికి చేర్చడం పథకం లక్ష్యాల్లో ఒకటి. అదే ఏడాది ఏప్రిల్‌ 28న 91 చోట్ల వంద వాట్ల ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్లు ఒకేసారి ప్రారంభమయ్యాయి.

ఈ యంత్రసామగ్రి ఒకే ప్రాంగణంలో ఉండదు. మారుమూల పట్టణాల్లో, కొండల మీద, సరిహద్దు ప్రాంతాల్లో చెల్లాచెదురుగా ఉంటుంది. కొన్నిచోట్ల ఒకరిద్దరు సిబ్బందే కాపలా. ఢిల్లీలోని కార్యాలయం దృష్టిలో అవి కాగితంపై అంకెలు మాత్రమే. ఆ అంకెలు వాస్తవంతో సరిపోతున్నాయా లేదా అన్నదే అసలు సమస్య.

అనలాగ్‌ నిష్క్రమణతో మిగిలిందేమిటి?

ఒకప్పుడు దూరదర్శన్‌కు దేశవ్యాప్తంగా దాదాపు 1,400 భూతల ట్రాన్స్‌మిటర్లు ఉండేవి. ఇంటి కప్పు మీద యాంటెనా తిప్పుకొంటూ కార్యక్రమాలు చూసిన తరానికి సమీప పట్టణంలోని టీవీ టవరే ఆధారం. కేబుల్‌, డీటీహెచ్‌లు వచ్చాక వీటిని చూసేవారు తగ్గిపోయారు. 2021 అక్టోబరు నాటికి అనలాగ్‌ ట్రాన్స్‌మిటర్లలో దాదాపు 70 శాతాన్ని నిలిపివేశామని, వ్యూహాత్మక ప్రాంతాల్లోని సుమారు 50 మినహా మిగిలిన వాటినీ 2022 మార్చి నాటికి దశలవారీగా తొలగిస్తామని ప్రసార భారతి ప్రకటించింది. విద్యుత్‌ ఖర్చు ఆదా కావడం, స్పెక్ట్రమ్‌ ఇతర అవసరాలకు అందుబాటులోకి రావడం ఇందువల్ల కలిగే ప్రయోజనాలు.

అయితే మీట నొక్కి ట్రాన్స్‌మిటర్‌ను ఆపేసినంత మాత్రాన పని పూర్తి కాదు. ఒక్కో కేంద్రంలో టవరు, భవనం, స్థలం, విద్యుత్‌ కనెక్షన్‌, డీజిల్‌ జనరేటర్‌, బ్యాటరీలు, ఏసీలు, కొలత పరికరాలు, విడిభాగాలు మిగిలిపోతాయి. టవరు, భవనం ఎఫ్‌ఎం ప్రసారానికి పనికిరావచ్చు. జనరేటర్‌ను వేరే కేంద్రానికి తరలించవచ్చు. మరికొన్ని తుక్కు కిందే లెక్క. ఏది ఏ కోవకు చెందుతుందో తేల్చడానికి సరైన జాబితా ఉండాలి. లేదంటే ఒక ఊళ్లో జనరేటర్‌ తుప్పు పడుతుండగా మరో ఊళ్లో అలాంటిదే కొత్తగా కొనాల్సి వస్తుంది.

కండెమ్‌ చేసిన సామగ్రిని వదిలించుకోవడంలోనూ జాగ్రత్త తప్పనిసరి. అధికశక్తి ట్రాన్స్‌మిటర్లలో వాడే కొన్ని వాల్వుల్లో బెరీలియం ఆక్సైడ్‌ ఉంటుంది. అవి పగిలి ఆ పొడిని పీలిస్తే ఊపిరితిత్తులకు తీవ్ర హాని కలుగుతుంది. 2023 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం భారీ వినియోగదారులు పాత ఎలక్ట్రానిక్‌ సామగ్రిని నమోదైన సంస్థలకే అప్పగించాలి. వీధి తుక్కు వ్యాపారికి అమ్మడం కుదరదు.

రిజిస్టర్‌లో ఏముండాలి?

కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి - 2017 ప్రకారం స్థిరాస్తి పరికరాల జాబితా అవి ఉన్న చోటే నిర్వహించాలి. ఏడాదికి కనీసం ఒకసారి భౌతికంగా తనిఖీ చేసి, ఫలితాన్ని రిజిస్టర్‌లో నమోదు చేయాలి. తేడా కనిపిస్తే వెంటనే విచారించాలి. ప్రత్యేక ఆర్థిక నియమాలు ఆమోదం పొందని స్వయంప్రతిపత్తి సంస్థలకూ ఇవి వర్తిస్తాయి.

కొన్న తేదీ, ధర, క్రమసంఖ్య రాసి ఊరుకుంటే ఆడిట్‌కు సరిపోతుందేమో గానీ ప్రసారానికి సరిపోదు. ప్రతి పరికరానికి ఈ కింది వివరాలు ఉండాలి.

* ప్రస్తుతం ఎక్కడ ఉంది, ఎవరి అధీనంలో ఉంది
* వారంటీ, వార్షిక నిర్వహణ ఒప్పందం ఎప్పటితో ముగుస్తాయి
* ఎన్నిసార్లు మరమ్మతుకు వచ్చింది, దానికెంత ఖర్చయింది
* విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయా
* ఇది ఆగిపోతే ఏ ప్రసారం ఆగుతుంది, ప్రత్యామ్నాయం ఏమిటి

చివరి ప్రశ్న అత్యంత కీలకం. లక్షల విలువైన కెమెరా పాడైతే మరొకటి వాడుకోవచ్చు. కొన్ని వేల రూపాయల నెట్‌వర్క్‌ స్విచ్‌ మొరాయిస్తే ఛానల్‌ మొత్తం మూగబోవచ్చు. అందుకే ధరను మాత్రమే చూసి ప్రాధాన్యం నిర్ణయించడం పొరపాటు.

కంప్యూటర్‌ వచ్చాక మారిన లెక్క

పాత రోజుల్లో ట్రాన్స్‌మిటర్‌, మిక్సర్‌ వంటివి జాగ్రత్తగా చూసుకుంటే దశాబ్దాలు పనిచేసేవి. ఇప్పుడు ఎడిటింగ్‌ నుంచి ప్రసారం దాకా అన్నీ కంప్యూటర్ల మీదే. యంత్రం దృఢంగానే ఉన్నా దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌కు ఆయుష్షు తక్కువ. విండోస్‌ 7కు 2020 జనవరి 14న, విండోస్‌ 10కు 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్‌ సాధారణ మద్దతు ముగిసింది. మద్దతు లేని వ్యవస్థకు భద్రతా సవరణలు అందవు. ఇలాంటి కంప్యూటర్లు సంస్థలో ఎన్ని ఉన్నాయో తెలియకపోతే ప్రతి ఒక్కటీ దొంగకు తలుపు తెరిచినట్లే.

ఫ్రాన్స్‌కు చెందిన టీవీ5మోండ్‌ ఉదంతం ఇందుకు నిదర్శనం. 2015 ఏప్రిల్‌ 8 రాత్రి జరిగిన సైబర్‌ దాడిలో ఆ సంస్థ ఛానళ్లన్నీ నిలిచిపోయాయి. దుండగులు జనవరిలోనే నెట్‌వర్క్‌లోకి చొరబడ్డారు. ఇందుకు ఏడు మార్గాలు వాడుకున్నట్లు దర్యాప్తులో తేలింది. స్టూడియోల్లోని రిమోట్‌ కెమెరాలను సరఫరా చేసిన నెదర్లాండ్స్‌ సంస్థ కూడా వాటిలో ఒకటి. ఆ రోజే కొత్త ఛానల్‌ ప్రారంభించడంతో సాంకేతిక సిబ్బంది కార్యాలయంలోనే ఉన్నారు. వారిలో ఒకరు దాడి జరుగుతున్న యంత్రాన్ని గుర్తించి నెట్‌ నుంచి తొలగించడంతో సంస్థ బతికిబయటపడింది. కెమెరాను స్టూడియో సామగ్రిగా, సర్వర్‌ను ఐటీ సామగ్రిగా వేర్వేరు పుస్తకాల్లో రాసుకునే పద్ధతి ఇక చెల్లదని ఈ ఘటన నిరూపించింది.

టేపు ఉన్నా యంత్రం లేకపోతే...

ప్రసార సంస్థ అసలు సంపద దాని రికార్డింగులే. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం తెలుగు సంగీత సాహిత్యాలకు చేసిన సేవ విదితమే. బాలాంత్రపు రజనీకాంతరావు, ఓలేటి వెంకటేశ్వర్లు వంటి ప్రముఖులు అక్కడ పనిచేశారు. ‘భక్తిరంజని’ తెలుగువారి ఇళ్లలో ఉదయపు అలవాటుగా మారింది. ఆ తరం గళాలు టేపులపైనే భద్రమయ్యాయి.

టేపు బాగున్నా దాన్ని వినిపించే యంత్రం ఉండాలి కదా. తయారీ ఆగిపోయింది, విడిభాగాలు అరుదయ్యాయి, మరమ్మతు తెలిసినవారు విరమణ పొందుతున్నారు. టేపుల్లో ఉన్నదాన్ని డిజిటల్‌ రూపంలోకి మార్చుకునే వ్యవధి 2025 ప్రాంతంలో ముగిసిపోవచ్చని ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, ధ్వని భాండాగారం 2015లోనే హెచ్చరించింది. 2019లో యునెస్కో కూడా ఇదే విషయంపై అప్రమత్తం చేసింది. ఈ దృష్టితో చూస్తే మూలన పడి ఉన్న పాత టేప్‌ ప్లేయర్‌ తుక్కు కాదు. తరతరాల స్వరాలకు అదే తాళంచెవి. ఏ టేపు ఏ యంత్రంపై పనిచేస్తుందో రాసి ఉంచకపోతే కండెమ్‌ జాబితాలో ఆ తాళంచెవి కూడా కొట్టుకుపోతుంది.

కొత్త వ్యవస్థ ఒక్కటే చాలదు

ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ కొంటే అన్నీ సర్దుకుంటాయనుకోవడమూ సరికాదు. టేపుల స్థానంలో కార్యక్రమాల తయారీ, భద్రత అంతా కంప్యూటర్ల ద్వారా సాగించాలని బ్రిటన్‌కు చెందిన బీబీసీ 2008లో భారీ ప్రాజెక్టు చేపట్టింది. అది ఆశించిన ఫలితం ఇవ్వకపోవడంతో 2013 మేలో రద్దు చేసింది. నికరంగా 9.84 కోట్ల పౌండ్లు నష్టపోయింది. ప్రాజెక్టు తీరుతెన్నులపై పర్యవేక్షణ కొరవడిందని ఆ దేశ జాతీయ ఆడిట్‌ కార్యాలయం 2014 జనవరిలో తప్పుపట్టింది.

పెద్ద ప్రాజెక్టులకన్నా ముందు చేయాల్సిన పనులకు పెద్దగా ఖర్చు లేదు. ప్రతి పరికరానికి బార్‌కోడ్‌ అంటించడం, తరలించిన ప్రతిసారీ నమోదు చేయడం, ఉద్యోగి బదిలీ అయితే సామగ్రిని లెక్కచూసి అప్పగించడం, ఏడాదికోసారి తనిఖీని కాగితానికే పరిమితం చేయకపోవడం వంటివి క్రమశిక్షణతో సాధ్యమే. ప్రజాధనంతో నడిచే సంస్థలో ఈ లెక్క స్టోర్‌ గుమాస్తా ఒక్కడి పని కాదు. ఇంజినీరింగ్‌, ఐటీ, ఆర్థిక, భాండాగార విభాగాలు నాలుగూ ఒకే జాబితాను చూసి పనిచేసినప్పుడే అది సార్థకమవుతుంది.