పాత ఫియట్టు – కొత్త రంగు

మానాపురం సంతలో ఎద్దును బేరమాడే రైతు దాని కొమ్ములకు పూసిన రంగును చూడడు. ముందు నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి గిట్టలు చూస్తాడు. మెడ మీద కాడి పుండు మానిన మచ్చ ఉందేమోనని చేత్తో తడిమి చూస్తాడు. ఆ తరువాతనే ధర మాట. ఈ విద్య ఏ కళాశాలలోనూ నేర్పరు. అయితే అదే రైతు పాత కారు కొనబోయినప్పుడు మాత్రం తళతళలాడే రంగు చూసి మురిసిపోతాడు. కారుకు పళ్ళు ఎక్కడుంటాయో అతనికి ఎవరూ చెప్పలేదు గదా! ఆ పళ్ళ సంగతి నాలుగు మాటల్లో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నాకు ఈ విషయం మీద ఆసక్తి కలగడానికి కారణం మా చిన్నాన్న. మాది గజపతినగరం దగ్గర వ్యవసాయ కుటుంబం. విశాఖపట్నంలో ఒకాయన 1970ల నాటి ఫియట్ కారును బాగుచేయించి అమ్మకానికి పెట్టాడనీ, మూడున్నర లక్షలు చెబుతున్నాడనీ చిన్నాన్నకు కబురందింది. సరుగుడు తోట కోయించిన డబ్బు అప్పటికి చేతిలో ఉంది. ఆ డబ్బులోంచే మా చెల్లి నర్సింగు ఫీజు కట్టాలి, ఎండిపోయిన బోరు లోతు చేయించాలి. అయినా చిన్నప్పుడు ఊళ్ళో పెళ్ళికొడుకు ఫియట్ కారులో దిగడం చూసిన మనిషి, ఆ కోరిక అంత తేలిగ్గా వదలదు. “ఒరే గుంటా, సైన్సు సదూతున్నావు గదా, ఆ కారు కతేటో కాస్త సూసి సెప్పు” అన్నాడు. అలా మొదలైంది నా పరిశోధన.

ముందుగా కారు పుట్టుపూర్వోత్తరాలు. ఫియట్ సంస్థ 1899లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో పుట్టింది. దాంటే జకోసా అనే ఇంజనీరు హయాంలో 1953లో వచ్చిన 1100 రకం కారు ఆ దేశంలో మధ్యతరగతి కుటుంబాలకు బాగా నచ్చింది. మన దేశంలో దీన్ని తయారుచేసింది బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్. ఆ కంపెనీని 1944లో స్థాపించినవాడు వాల్‌చంద్ హీరాచంద్. ఈ పేరు విశాఖ జిల్లాల వారికి కొత్తేమీ కాదు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ చేత విశాఖపట్నంలో శంకుస్థాపన చేయించి సింధియా నౌకా నిర్మాణ కేంద్రాన్ని ప్రారంభించింది ఈయనే. 1948 మార్చి 14న నెహ్రూగారు సముద్రంలోకి దించిన ‘జలఉష’ అక్కడ తయారైన మొదటి ఓడ. అంటే మన తీరాన ఓడకూ, మన రోడ్ల మీద ఫియట్‌కూ పెద్ద ఒక్కడే అన్నమాట!

ఇక్కడ 1964లో ‘డిలైట్’ అన్న పేరుతో వచ్చిన రూపమే ఆ తరువాత ‘ప్రెసిడెంట్’ అయి, 1974 నుండి ‘పద్మిని’ అయింది. చిత్తోడు రాణి పేరది. కాని జనం నోట ఎప్పుడూ ఫియట్టే. నాలుగు సిలిండర్లు, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ, ఇంజను ముందు, తోపు వెనక చక్రాలకు. సిలిండరు వ్యాసం 68 మిల్లీమీటర్లు, పిస్టను నడక 75 మిల్లీమీటర్లు. ఇంటరు చదివిన వారెవరైనా లెక్క కట్టుకోవచ్చు, 1089 ఘన సెంటీమీటర్లు వస్తుంది. 1983 డిసెంబరులో మారుతీ వచ్చాక దీని వైభవం తగ్గుతూ వచ్చింది. కొత్త శతాబ్దం మొదలైన రోజుల్లో తయారీ ఆగిపోయింది. బొంబాయిలో నలుపు పసుపు రంగుల టాక్సీలుగా మిగిలిన పద్మినులు సైతం 2023 అక్టోబరు ఆఖరున సెలవు తీసుకున్నాయి.

మనది నాలుగు తలుపుల కుటుంబపు కారు. ఇదే 1100 సరంజామా మీద 1950లలో పినిన్ ఫరీనా వంటి ఇటలీ బాడీ శిల్పులు రెండు తలుపుల అందమైన కూపేలను మలిచారు. కూపే అంటే ఫ్రెంచి భాషలో కోసినది అని అర్థం. గుర్రపు బండి వెనక భాగాన్ని కోసి పొట్టి చేసిన నాటి మాట అది. ఇటలీ కూపేల పేరు చెబితే ధనవంతుల వ్యవహారం అనుకుంటాం. కాని ఫెరూచియో లాంబోర్గిని ద్రాక్ష పండించే రైతు కొడుకు. యుద్ధంలో మిగిలిపోయిన సామాను కొని ట్రాక్టర్లు కట్టి, 1948లో ట్రాక్టర్ల కంపెనీ పెట్టి, 1963లో గాని కార్ల జోలికి రాలేదు. మరుసటి ఏడు ఆయన అమ్మకానికి తెచ్చిన మొదటి కారు కూడా కూపేయే. రైతు బిడ్డలు తలెత్తుకోదగ్గ సంగతి కాదూ!

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పాత కారుకు విలువ ఎక్కడినుండి వస్తుంది? 1962 నుండి 1964 వరకు ఫెరారీ వారు 250 జి.టి.ఓ. అనే కూపేలను 36 మాత్రమే కట్టారు. వాటిలో ఒకటి 2018 ఆగస్టులో అమెరికాలో వేలానికి వచ్చి 4 కోట్ల 84 లక్షల డాలర్లకు పోయింది. ఆ ధర ఇనుముకు కాదు, రంగుకు అసలే కాదు. ఆ కారు ఎప్పుడు పుట్టింది, ఎవరి చేతిలో నడిచింది, ఏ పందెంలో గెలిచింది అన్న చరిత్రకూ, దాన్ని రుజువు చేసే కాగితాలకూ, ఛాసీ నంబరుకూ ఆ ధర. ఊళ్ళో భూమికి పట్టా ఎంతో పాత కారుకు చరిత్ర అంత.

అందుచేతనే పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2013 నాటి ‘ట్యూరిన్ ఒడంబడిక’లో ఒక మాట గట్టిగా చెప్పింది. కాపాడటం వేరు, పునరుద్ధరించటం వేరు, కొత్తది చేయటం వేరు. పాత భాగం పనిచేస్తున్నంత కాలం దాన్నే నిలబెట్టాలి. మార్చక తప్పనప్పుడు ఏమి మార్చారో రాసిపెట్టాలి. మన వైపు ‘రీస్టోర్ చేసిన కారు’ అంటే ఎక్కువసార్లు టింకరింగు షెడ్డులో సొట్టలు తీసి, లప్పం పెట్టి, రంగు కొట్టి, సీట్లకు కొత్త రెక్సిను వేసిన కారు అని అర్థం. అది తప్పు పని కాదు, కాని దాని ధర వేరు. అమ్మేవాడు మొదటి దాని ధర చెప్పి రెండోది చేతిలో పెడితేనే చిక్కు.

ఈ చిక్కుకు మూలం తుప్పు. ఇనుము మీద తడి చేరగానే అక్కడ చిన్న విద్యుత్ ఘటం తయారవుతుంది. ఒక చోట ఇనుము ఎలక్ట్రానులను వదులుకుని కరుగుతుంది. మరొక చోట గాలిలోని ఆక్సిజను, నీరు కలిసి ఆ ఎలక్ట్రానులను అందుకుంటాయి. నీటిలో ఉప్పు ఉంటే విద్యుత్తు ఇంకా సులువుగా ప్రవహిస్తుంది. సముద్రపు గాలి తగిలే విశాఖ కారు మన గజపతినగరం కారు కన్నా త్వరగా తుప్పు పట్టడానికి కారణం ఇదే. పైగా తుప్పు, తాను తిన్న ఇనుము కన్నా రెండింతలకు మించిన చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగు కింద పొక్కులు లేస్తాయి. పొక్కు కనబడిందంటే జబ్బు మొదలైందని కాదు, ముదిరిందని. పెద్ద పెద్ద కంపెనీలకు కూడా ఈ జబ్బు తప్పలేదు. లాన్సియా బేటా కార్లకు ఇంజనును మోసే భాగం దగ్గర తుప్పు పట్టడంతో ఆ కంపెనీ 1980లో బ్రిటనులో కొన్నవారి దగ్గరనుండి కార్లు తిరిగి తీసుకోవలసి వచ్చింది. అక్కడ ఆ పేరు మళ్ళీ కోలుకోలేదు.

లారీకీ జీపుకీ కింద బలమైన ఛాసీ దూలాలుంటాయి. పైన బాడీ కుళ్ళినా బండి నిలబడుతుంది. ఫియట్ అలా కాదు. దాని రేకు బాడీయే దాని ఎముకలు. నేల రేకు, తలుపుల కింద నిలువునా సాగే పెట్టె వంటి భాగం, ఇవే బరువంతా మోస్తాయి. అవి కుళ్ళితే దూలం చెదలు పట్టిన ఇల్లు వంటిదే.

కాబట్టి కారు పళ్ళు చూడటం ఇలా. ఒకటి, పలచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం జేబులో వేసుకోవాలి. రేకు మీద అది గట్టిగా పట్టుకుంటుంది. లప్పం మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటే ఆ దూరానికే ఆకర్షణ బాగా తగ్గి జారిపోతుంది. రెండు, కాళ్ళ దగ్గర పరిచిన చాప ఎత్తి, స్క్రూడ్రైవరు పిడితో తట్టాలి. గట్టి రేకు ఖంగుమంటుంది, కుళ్ళినది బొద్దుగా పలుకుతుంది. మూడు, తలుపులు తీసి వేసి చూడాలి. తలుపు చుట్టూ సందు పైన ఒకలా కింద ఒకలా ఉంటే నడుము వంగిందన్నమాట. నాలుగు, చల్లగా ఉన్న ఇంజనును మన ఎదుట మొదలు పెట్టమనాలి. ముందే వేడి చేసి ఉంచితే అనుమానించాలి. పొగ నీలంగా ఉంటే నూనె కాలుతోంది, నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే నీరు సిలిండరులో చేరుతోంది. అయిదు, ఇంజను నంబరు, ఛాసీ నంబరు ఆర్.సి. పుస్తకంతో అక్షరం అక్షరం సరిచూడాలి.

పెట్రోలు సంగతి కూడా ఒకటుంది. 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిసింది. చెరకు, నూకలు, మొక్కజొన్న నుండి వచ్చేది కనుక రైతులుగా మనకు సంతోషమే. అయితే ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. పైగా అందులోనే ఆక్సిజను ఉంది కనుక మండటానికి గాలి తక్కువ చాలు. కొత్త కార్లలో కంప్యూటరు ఆ తేడాను సర్దుతుంది. కార్బురేటరుకు ఆ తెలివి లేదు, జెట్టు మార్చి మనమే సర్దాలి. నెలల తరబడి కదలని కారు టాంకీలో ఈ పెట్రోలు నిలవ ఉంచితే అడుగున నీరు చేరి మళ్ళీ తుప్పుకు దారి తీస్తుంది. కొన్నాక గొట్టాలు మార్చుకోవడం కూడా ధరలో కలుపుకోవలసిన ఖర్చే.

చివరిది చట్టం. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు ముగుస్తుంది. తరువాత బండిని తనిఖీ చేయించి అయిదేసి ఏళ్ళకు పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఈ పొడిగింపు రుసుము 600 నుండి 5,000 రూపాయలకు పెరిగింది. మరో దారి 2021 జూలైలో కేంద్రం ఇచ్చిన వింటేజి నిబంధనలు. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటిన కారుకు ‘వి.ఎ.’ అక్షరాలతో ప్రత్యేక నంబరు, 20,000 రూపాయల రుసుముతో 10 ఏళ్ళకు ఇస్తారు. కాని రెండు షరతులు. ఛాసీ, బాడీ, ఇంజను మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మత్తులకు తప్ప రోజువారీ తిరగడానికి వీల్లేదు. అంటే ‘వింటేజి నంబరు వచ్చేస్తుంది’ అని అమ్మకందారు ఊరించే కారులో మనం విజయనగరం ఆసుపత్రికి వెళ్ళలేం!

ఈ ఐదు పరీక్షలూ పట్టుకుని నేనూ చిన్నాన్నా విశాఖపట్నం వెళ్ళాం. క్రీము రంగు కారు, నిజంగా పెళ్ళికూతురిలా ఉంది. ఇంజను చక్కగా పలికింది, పొగ లేదు. ఎడమ తలుపుల కింద భాగంలో అయస్కాంతం రెండు చోట్ల జారింది. ఛాసీ నంబరు సరిపోయింది గాని ఇంజను నంబరు సరిపోలేదు. ఆర్.సి. పుస్తకం కాలం చేసిన మనిషి పేరున ఉంది, వారసుల పేరుకు మారలేదు. అమ్మేవాడు మాత్రం “అంతా ఒరిజినలే బాబూ” అన్నాడు. చిన్నాన్న వాదన పెట్టుకోలేదు. “కాగితాలు సరి సేయించి, కింద రేకు విప్పి సూపించండి, అప్పుడు ధర మాటాడుకుందాం” అన్నాడు. ఆ తరువాత అడిగి, స్టీరింగు ముందు కూర్చుని, పక్కనున్న గేరు కడ్డీని ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటూ మెల్లగా మార్చి చూసుకున్నాడు. ఆ నెలలోనే చెల్లి ఫీజు కట్టాడు, బోరు లోతు చేయించాడు. మిగిలిన డబ్బు బ్యాంకులో ఉంది. కోరిక కూడా ఉంది. రెండిటికీ తొందర లేదు.

మిత్రులారా! మనలో చాలామంది ఇళ్ళలో మొదటిసారి డిగ్రీ చదువుతున్నవాళ్ళం మనమే. కారు గాని, పంపుసెట్టు గాని, పాత ట్రాక్టరు గాని కొనే రోజున పెద్దవాళ్ళు మన వైపు చూస్తారు. ఆ రోజున పుస్తకంలో చదివిన విద్యుత్ ఘటమూ, అయస్కాంతమూ మన నోట వాళ్ళ భాషలో పలకాలి. పరీక్ష కాగితం మీద రాసిన తుప్పు సమీకరణానికి పది మార్కులు వస్తాయేమో. ఇంటి డబ్బు నిలబెట్టినప్పుడు దానికొచ్చే మార్కులు వేరు.