బిడ్డల నడుమ ఎడము: క్రొత్త సాధనములు

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణములను హరించినది. అట్టి విపత్తులో బిడ్డలను కోల్పోయిన తల్లికి అంతకుముందే సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగియున్నచో మరల గర్భమెట్లు కలుగును? 2004 సునామీ పిమ్మట తమిళనాట, తెగిన నాళములను తిరిగి కలుపు చికిత్సను ప్రభుత్వమే ఉచితముగ చేయించినది. అది అందరికిని ఫలింపదు.

అయినను 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి మన రాష్ట్రమున 100 మంది వివాహితలలో దాదాపు 70 మంది ఆ శస్త్రచికిత్సనే ఆశ్రయించిరి. అంతకన్న సులభమైన పురుష శస్త్రచికిత్స నూటికి ఒకటియైనను లేదు!

పడుచు దంపతులకు వేరు మార్గములు కలవు. మూడు నెలలకొకమారు ఇచ్చు ‘అంతర’ సూదిమందు, లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనాలయము రూపొందించిన, హార్మోను లేని ‘ఛాయ’ బిళ్ల 2017లో ప్రభుత్వ పథకమున చేరినవి. ఛాయను తొలి మూడు నెలలు వారమునకు రెండు, ఆపైన ఒకటి చొప్పున మ్రింగవలెను. అంతర వలన బహిష్టు క్రమము తప్పవచ్చును; ఈ మాట ముందుగ చెప్పనిచో స్త్రీలు భయపడి మానివేయుదురు. మానిన పిమ్మట గర్భము నిలుచుటకు కొన్ని నెలలు పట్టును. వీనిలో సుఖవ్యాధులనుండి కాపాడునది ఏదియు లేదు. అందులకు నిరోధ్ తొడుగే శరణ్యము.

బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రులలో వీనిని గూర్చి అడుగవచ్చును. ఆశా కార్యకర్త క్రొత్త కోడలితో ఏకాంతముగ మాటాడుటకు అత్తగారు అడ్డుచెప్పినచోట పంచాయతీ సభ్యులు, ముఖ్యముగ సభ్యురాండ్రు, నచ్చజెప్పవలెను. భర్తనుకూడ పిలిపింపవలెను.