టంకశాల తడబడితే…

తిరుమలలో గది ఖాళీ చేసి డిపాజిట్ వెనక్కి తీసుకునేటప్పుడు నూరు రూపాయల చిల్లర పొట్లం చేతికొచ్చిన సంగతి కొందరికి గుర్తుండే ఉంటుంది. పసుపు, కుంకుమతో కలిపి ఇచ్చే ఆ పొట్లానికి టీటీడీ పెట్టిన పేరు ‘ధనప్రసాదం’. హుండీలో పడే చిల్లరను తీసుకోవడానికి బ్యాంకులు వెనకాడటంతో 2021 సెప్టెంబరులో ఈ ఉపాయం ఆలోచించారు. మామూలు భక్తులు దాన్ని భద్రంగా పూజగదిలో పెట్టుకుంటారు. నాణేల పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం దండం పెట్టుకుని పొట్లం విప్పి, ఒక్కో బిళ్లనూ బొమ్మా బొరుసూ తిప్పి చూస్తారు. వాళ్లు వెతికేది టంకశాల చేసిన తప్పుల్ని!

నాణెం మీద సంవత్సరం కింద ఐదు కోణాల నక్షత్రం ఉంటే అది హైదరాబాద్‌లో పుట్టిందని అర్థం. డైమండ్ ఉంటే ముంబయి, గుండ్రని చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. మన హైదరాబాద్ టంకశాల సైఫాబాద్‌లో 1903లో మొదలై, 1997లో చర్లపల్లికి మారింది. ఎన్టీఆర్ శతజయంతికి 2023లో విడుదలైన నూరు రూపాయల నాణెం కూడా హైదరాబాద్ సరుకే.

తప్పు ఎలా పుడుతుంది? లోహపు రేకులోంచి గుండ్రటి బిళ్లల్ని కొట్టి తీస్తారు. అంచు తేలుస్తారు. ఆ బిళ్లను పైనొక అచ్చు, కిందొక అచ్చు పెట్టి, చుట్టూ ఒక కట్టు బిగించి, టన్నుల బరువుతో ఒక్క దెబ్బ కొడతారు. ఈ దారిలో ఎక్కడ తేడా వచ్చినా దానికో పేరుంది. రేకు సరిగ్గా జరగక, అంతకుముందు కొట్టిన బొక్క మీదే మళ్లీ కొడితే బిళ్ల ఒక పక్క కొరికిన నిప్పట్టులా వస్తుంది. దీన్ని ‘క్లిప్’ అంటారు. ఆకురాయితో అరగదీసి ఇలాంటిది తయారుచేసే ఘనులూ ఉన్నారు కాబట్టి అనుభవజ్ఞులు కొరికిన చోటు చూడరు, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు చూస్తారు. అసలైన క్లిప్ అయితే ఎదుటి అంచు కూడా చాలాసార్లు పలచబడి, మసకగా ఉంటుంది. అంచు తేల్చే యంత్రంలో ఒక పక్క ఒత్తిడి లేకపోతే రెండో పక్కా ఒత్తిడి పడదు మరి. దీన్ని ‘బ్లేక్స్‌లీ ఎఫెక్ట్’ అంటారు. ఆకురాయితో ఇది పుట్టించడం ఎవరి తరమూ కాదు.

అన్నిట్లోకి అందమైన తప్పు ‘బ్రాకేజ్’ అని నా అభిప్రాయం. కొట్టిన నాణెం కిందపడకుండా అచ్చుకే అతుక్కుపోతుంది. తర్వాత వచ్చిన బిళ్ల మీద ఒక పక్క అచ్చు పడుతుంది, రెండో పక్క ఆ అతుక్కున్న నాణెమే పడుతుంది. దాంతో రెండు వైపులా ఒకే బొమ్మ! ఒకవైపు ఉబ్బెత్తుగా, ఇంకోవైపు లోపలికి దిగి, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. ఉత్తరాది సేకర్తలు దీన్ని ‘లఖీ’ అంటారు, అదృష్టమని దాచుకుంటారు. ‘షోలే’లో అమితాబ్ ఎగరేసిన రెండు బొమ్మల నాణెం ఈ కోవలోది కాదు. రెండు వైపులా ఒకే బొమ్మ సరిగ్గా, ఉబ్బెత్తుగా ఉన్న నాణేల్లో నూటికి తొంభై తొమ్మిది రెండు నాణేల్ని కోసి అతికించినవే.

మీ జేబులోని రూపాయిని ఇప్పుడే పరీక్షించండి. సింహాలు నిటారుగా కనిపించేలా పట్టుకుని, పక్కకు తిప్పండి. వెనకవైపు అంకె కూడా నిటారుగా ఉండాలి. వాలిపోయో, తలకిందులుగానో ఉంటే అచ్చుల్లో ఒకటి బిగుతు తప్పి తిరిగిందన్నమాట. కొద్దిపాటి వాలు సాధారణమే, ధర పలకదు. పూర్తిగా తలకిందులైతే దాచుకోండి.

కంసాలి దగ్గరుండే త్రాసు ఈ హాబీకి భూతద్దం కంటే ముఖ్యం. 2011 నుంచి కొన్నేళ్లపాటు వచ్చిన నాణేల్లో రూపాయి 3.79 గ్రాములు, రెండు రూపాయలు 4.85, ఐదు రూపాయలు 6, పది రూపాయలు 7.71 గ్రాములు. రెండు రూపాయల బొమ్మ పడిన బిళ్ల 3.79 గ్రాములే తూగితే రూపాయి కోసం కోసిన బిళ్ల పొరపాటున ఆ యంత్రంలో పడిందేమోనని అనుమానించాలి. నూటికి ఒకటి రెండు పాళ్లు అటూఇటూ అయితే ఉలిక్కిపడక్కర్లేదు, బరువులో అంతమాత్రం తేడాను చట్టమే ఒప్పుకుంటుంది.

పాతకాలపు నాణేల సంగతి వేరు. చంద్రగిరిని రాజధానిగా చేసుకుని ఏలిన రెండో వేంకటపతిరాయలు శ్రీనివాసుడి బొమ్మతో బంగారు వరహాలు వేయించాడు. ఒకవైపు తోరణం కింద నిలబడ్డ స్వామి, రెండోవైపు నాగరి లిపిలో ‘శ్రీ వేంకటేశ్వరాయ నమః’. ఆ కాలపు నాణేల్లో తోరణం ఒక పక్క తెగిపోయినవో, అక్షరాలు సగమే పడినవో కనబడితే మురిసిపోకండి. సుత్తితో చేత్తో కొట్టిన రోజుల్లో అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది, బొమ్మ మొత్తం పడటమే అరుదు. అప్పట్లో ఎవరూ దాన్ని తప్పనుకోలేదు. తూకం, బంగారం వన్నె సరిపోతే చాలు. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ముప్పై వేల వరహాలతో స్వామికి కనకాభిషేకం చేసినప్పుడు అందులో బొమ్మ పక్కకు జరిగినవి ఎన్నో ఉండే ఉంటాయి! ఇలాంటి నాణేల్ని ‘ఎర్రర్’ పేరు చెప్పి ఎక్కువకు అమ్మేవాళ్లు కనబడితే నమస్కారం పెట్టి వచ్చేయడమే.

యంత్రం సరిగ్గా కొట్టినా బొమ్మ చెక్కినవాడు తప్పు చేయొచ్చు. 1911లో ఐదో జార్జి రూపాయి మీద చక్రవర్తి అంగీపై ఉన్న ఏనుగు తొండం పొట్టిగా పడి, అచ్చం పందిలా కనిపించింది. జనంలో గగ్గోలు పుట్టింది. సుమారు 94 లక్షలు కొడితే బయటికి వెళ్లినవి 7 లక్షలే, మిగతావి కరిగించేశారు. మరుసటేడు తొండం పొడుగైంది. ‘పంది రూపాయి’కి ఇవాళ్టికీ గిరాకీ తగ్గలేదు. చిలీ దేశం ఇంకా ఘనం. 2008 నాటి యాభై పెసోల నాణెం మీద సొంత దేశం పేరునే తప్పుగా వేసుకుంది, ‘ఎల్’ అక్షరం బదులు ‘ఐ’ పడింది. దాన్ని చాలాకాలం ఎవరూ గమనించనే లేదట.

తప్పు కానివాటిని తప్పనుకోవడం మన ప్రాంతంలో కొత్త కాదు. పది రూపాయల బిళ్ల అంటేనే మొహం తిప్పుకున్న కొట్లు, బస్సులు ఎన్నో చూశాం. ఒకదాని బొమ్మ ఇంకోదానితో కలవట్లేదని అనుమానం. 14 రకాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించాల్సి వచ్చింది. తిరుత్తణిలో పుట్టి తిరుపతిలో చదువుకున్న సర్వేపల్లి రాధాకృష్ణన్ బొమ్మతో 2015లో వచ్చిన పది రూపాయల నాణేన్ని కూడా తీసుకోనన్నవాళ్లుంటే ఆశ్చర్యం లేదు. అలాగే పాత రూపాయల మీద ‘సి’, ‘హెచ్’, గుడ్డులాంటి గీతలో ‘ఎం’ కనబడితే అవి తప్పులు కావు. మన టంకశాలలు అందుకోలేక కెనడా, ఇంగ్లండు, దక్షిణాఫ్రికాలాంటి దేశాల్లో కొట్టించుకున్న నాణేల గుర్తులవి.

ఇక గ్రేడింగ్, అంటే నాణెం ఎంత బాగుందో చూసి మార్కులు వేయడం. అమెరికాలో విలియం షెల్డన్ 1949లో నాణేలకు 70 మార్కుల కొలబద్ద పెట్టాడు. 60 నుంచి పైకి చేతులు మారని కొత్త నాణేలు, 70 అంటే లోపం లేనిది. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ కంపెనీలు మొదలయ్యాక నిపుణులు పరీక్షించి, మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇవ్వడం వ్యాపారంగా స్థిరపడింది. ఎర్రర్ నాణెం అయితే ఏ తప్పో కూడా చీటీ మీద రాస్తారు. బొమ్మ పక్కకు జరిగిన నాణేల్లో సంవత్సరం కనబడేదానికి విలువెక్కువ, ఎప్పటిదో తెలుస్తుంది గనక. చింతపండుతోనో, విబూదితోనో తళతళలాడేలా తోమారా, మార్కు ఇవ్వరు, ‘శుభ్రం చేశారు’ అని రాసి పంపుతారు. నన్నడిగితే వంద, రెండొందలు పలికే తప్పుకు గ్రేడింగ్ దండగ. పంపే ఖర్చే నాణెం ధరను మింగేస్తుంది.

కావాలని నాణేల్ని కోయడం, కరిగించడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం, ఏడేళ్ల దాకా జైలు. సరదాకి పది రూపాయల బిళ్లలో నడుమ ముక్క ఊడగొట్టి ‘అరుదైన ఎర్రర్’ అని ఫొటో పెట్టే కుర్రాళ్లు కాస్త ఇది గుర్తుంచుకోవాలి.

వైష్ణోదేవి బొమ్మ ఉన్న 2012 నాటి ఐదు, పది రూపాయల బిళ్లలు లక్షలు పలుకుతాయని ఫోన్‌లో తిరిగే వీడియోలు నమ్మకండి, ఆ బిళ్లలు కోకొల్లలు. ‘మీ నాణేనికి కొనేవాడున్నాడు, ముందు కమిషన్ కట్టండి’ అని రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ఎవరైనా ఫోన్ చేస్తే పైసా ఇవ్వకండి. అలాంటి అమ్మకాలతో తమకు సంబంధం లేదని, ఏ కమిషనూ తీసుకోమని ఆ బ్యాంకు 2021 ఆగస్టులోనే చెప్పింది. నిజంగా తేడా ఉన్న బిళ్ల దొరికితే తోమకుండా, రుద్దకుండా కాగితంలో చుట్టి, తూకం రాసిపెట్టి, నాణేల ప్రదర్శన జరిగినప్పుడు ఇద్దరు ముగ్గురు వ్యాపారులకు విడివిడిగా చూపించండి.